పంపామన్నారు, రాలేదన్నారు
(మన సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ ఏడాది ప్రత్యేక సంచికకు, సభకు కలిపి ఏదైనా కొత్త విషయం చెప్పమని కార్యదర్శి గారు నన్ను ఆదేశించారు. డి.ఏ. బకాయిల గురించి, వైద్య ఖర్చుల రీయింబర్సుమెంటు గురించి నా కంటే బాగా చెప్పగలవారు ఇక్కడ చాలామంది ఉన్నారు. అందుచేత నేను నాకు బొత్తిగా సంబంధం లేని విషయం ఎంచుకున్నాను. కంప్యూటరు చిప్పు లోపల ఉండే తపాలా పెట్టెల గురించి మాట్లాడతాను. నవ్వకండి. చివరకు వచ్చేసరికి అది మన విషయమే అవుతుంది.

నేను 1971లో గుమాస్తాగా చేరి 2007లో సూపరింటెండెంటుగా రిటైరైన మనిషిని. ముప్పయ్యారు సంవత్సరాలు ఇన్వర్డు, ఔట్‌వర్డు, పర్సనల్ రిజిస్టరు, రిమైండర్లు, ఇవే నా ప్రపంచం. ఎలక్ట్రానిక్సు నాకు రాదు. ఇక్కడ చెప్పేదంతా మా మనవరాలు చెప్పగా విని, ప్రశ్నలు వేసి, మళ్లీ చెప్పించుకుని నోటు పుస్తకంలో రాసుకున్నది. ఒప్పులు ఆమెవి, తప్పులుంటే నావి.

మా మనవరాలు చిప్పులు తయారుచేసే ఒక కంపెనీలో పని చేస్తుంది. వారంలో మూడు రోజులు ఇంటి నుంచే పని. ఒకనాటి రాత్రి పదకొండు దాటినా దీపం వెలుగుతోంది. వెళ్లి చూస్తే తల పట్టుకుని కూర్చుంది. "ఏమిటి తల్లీ?" అన్నాను. "మిషను మొదలవుతోంది తాతయ్యా, సగంలో ఆగిపోతోంది. ఇక్కడి నుంచి సందేశం వెళ్లింది. అవతల వాళ్లు మాకేమీ పెండింగు లేదంటున్నారు. నేను పంపానంటున్నాను, వాళ్లు రాలేదంటున్నారు" అంది.

ఈ మాట వినగానే నాకు నిద్ర ఎగిరిపోయింది. ఎందుకో తరువాత మనవి చేస్తాను. ముందు అవతల, ఇవతల అంటే ఏమిటో చెప్పాలి.

మనం కంప్యూటరుకు ఒక మెదడు ఉంటుందని అనుకుంటాం. అలా కాదట. ఈ రోజుల్లో సెల్‌ఫోనులో గాని, టీవీలో గాని, గోరంత చిప్పులో చాలా ప్రాసెసర్లు ఉంటాయి. పెద్ద ప్రాసెసరు మనకు కనబడే పని చేస్తుంది. బొమ్మలు గీసేది ఒకటి, శబ్దం చూసేది ఇంకొకటి. వీటన్నిటికీ కరెంటు ఇవ్వడం, తీసేయడం, వేగం పెంచడం, తగ్గించడం, వేడెక్కితే జాగ్రత్త పడడం, ఈ పనులు ఎవరికి వారు చేసుకుంటే గొడవ వస్తుంది. ఒకరు పని అయిపోయిందని మెయిన్ స్విచ్ ఆపేస్తే పక్క గదిలో పని చేసుకుంటున్న వాడు చీకట్లో ఉండిపోతాడు. అందుకని ఈ అధికారం ఒక చిన్న ప్రాసెసరు చేతిలో పెడతారు. దాని పేరు సిస్టమ్ కంట్రోలరు. అందులో శాశ్వతంగా నడిచే ప్రోగ్రామును ఫర్మ్‌వేరు అంటారు.

పూర్వం మన కలెక్టరాఫీసుల్లో నాజరు ఉండేవాడు గుర్తుందా? తాళాలు, కుర్చీలు, దీపాలు, స్టేషనరీ అన్నీ ఆయన చేతిలో. ఎంత పెద్ద అధికారి అయినా గది తీయించాలంటే నాజరుకు చీటీ పంపాల్సిందే. సిస్టమ్ కంట్రోలరు ఆ నాజరు వంటిది. పెద్ద ప్రాసెసరు ఎంత పెద్దదైనా "ఫలానా భాగానికి కరెంటు ఇవ్వవలసినది" అని చీటీ పంపి, జవాబు కోసం చూడాలి.

ఆ చీటీ పెట్టే చోటునే మెయిల్‌బాక్సు అంటారు. ఇది మనం ఫోనులో చూసుకునే ఈమెయిలు కాదు. చిప్పులోనే చెక్కిన ఒక చిన్న గూడు, దానికి ఒక గంట. ఇవతలి వాడు గూటిలో ఒక అంకె పెట్టి గంట కొడతాడు. అవతలి వాడు చేస్తున్న పని ఆపి, గూడు చూసి, తీసుకుంటాడు. ఒకే గూటిని అనేక రకాల పనులకు వాడాలి కనుక దానిని ఛానెళ్లుగా విడదీసి నంబర్లు ఇస్తారు.

నాకు అర్థం కావాలని మా మనవరాలు బీరువాలోంచి ఒక చిన్న పలక తీసి చూపించింది. రాస్‌బెర్రీ పై అంటారు. ఇంగ్లండులోని కేంబ్రిడ్జి వారు చదువుకునే పిల్లల కోసం తయారుచేసి 2012 ఫిబ్రవరిలో అమ్మకానికి పెట్టారు. అరచేతిలో పట్టేంత సైజు, అప్పుడు ఒక రకం ధర 35 డాలర్లు. ఆ మొదటి పలక మీది చిప్పులో పెద్ద ప్రాసెసరు పేరు ఆర్మ్, బొమ్మలు చూసే దాని పేరు వీడియోకోర్. తమాషా ఏమిటంటే ముందు నిద్ర లేచేది వీడియోకోర్. అది కార్డు నుంచి తన ప్రోగ్రాము తెచ్చుకుని, ఆ తరువాత ఆర్మ్‌ను లేపుతుంది. అక్కడ నాజరు ఉద్యోగం దానిదే.

ఆ రెండింటి మధ్య రెండు గూళ్లు ఉన్నాయి. ఒకటి ఆర్మ్ చదువుకునేది, రెండవది ఆర్మ్ రాసేది. అంటే ఇన్వర్డు ఒకటి, ఔట్‌వర్డు ఒకటి. గూటిలో పట్టేది 32 బిట్లు. బిట్టు అంటే ఒకటి గాని సున్నా గాని రాసే గడి. ఆ 32 గడుల్లో కింది 4 గడులు ఛానెలు నంబరుకు. మిగిలిన 28 విషయానికి. 28 గడుల్లో ఎంత విషయం పడుతుంది? అందుకని అసలు కాగితాన్ని ఇద్దరూ చూడగలిగే అల్మైరాలో, అంటే ఉమ్మడి మెమరీలో పెట్టి, ఏ అరలో ఉందో ఆ చిరునామా మాత్రం గూటిలో వేస్తారు. కింది 4 గడులు ఛానెలుకు పోయాయి కనుక ఆ చిరునామా 16తో నిశ్శేషంగా భాగింపబడే అంకె అయి తీరాలి. ఇది ఎక్కడా రాసి ఉండకపోతే కొత్తగా వచ్చిన వాడు నెల రోజులు తల బాదుకున్నా తెలుసుకోలేడు.

ఈ పలకకు సంబంధించిన ఛానెళ్ల పట్టిక బహిరంగంగా రాసి పెట్టారు. 0 కరెంటు వ్యవహారానికి, 1 తెర బొమ్మకు, 4 దీపాలకు, 5 మీటలకు, 6 తాకుడు తెరకు. 8వ ఛానెలు ముఖ్యమైనది. ఆర్మ్ అడగడం, వీడియోకోర్ చెప్పడం అందులోనే. 9వది దానికి తిరుగుడు, వీడియోకోర్ అడిగేది. అయితే దానికి సందేశాలు ఏవీ నిర్ణయించలేదని కూడా పట్టికలో రాశారు. నాకు ఇది చాలా నచ్చింది. లేదు అన్న సంగతి కూడా రాయాలి. మనం "నిల్ రిటర్ను" పంపేవాళ్లం కదా! ఏమీ లేకపోతే పంపడం దేనికని కుర్రాళ్లు విసుక్కునేవారు. ఖాళీగా వదిలేస్తే లేదో, మరిచిపోయారో అవతలి వాడికి ఎలా తెలుస్తుంది?

8వ ఛానెలులో పంపే కాగితం నమూనా చెబితే మీరు ముక్కున వేలేసుకుంటారు. మొదటి గడిలో కాగితం మొత్తం పొడవు. రెండవ గడిలో సున్నా, అంటే ఇది విన్నపం అని అర్థం. తరువాత ఏమి అడుగుతున్నామో దాని కోడు నంబరు, జవాబుకు ఎంత చోటు వదిలామో ఆ లెక్క, ఆ ఖాళీ చోటు. ఆఖరున ఒక సున్నా, అంటే ఇంతటితో ముగిసినది. వీడియోకోర్ వేరే కాగితం పంపదు. అదే కాగితం మీద, వదిలిన చోటులోనే జవాబు రాసి, రెండవ గడి మార్చి తిప్పి పంపుతుంది. ఆ గడిలో పై బిట్టు ఒకటి అయితే పని జరిగింది. దానితో పాటు చివరి బిట్టు కూడా ఒకటి అయితే విన్నపంలో పొరపాటు ఉంది. ఇది మన ఎన్.డిస్. కాదూ? వచ్చిన కాగితం మీదే ఎండార్సుమెంటు వేసి ఒరిజినల్‌గా తిప్పి పంపడం!

ఉదాహరణకు వేడి ఎంత అని అడిగితే 48300 అని జవాబు వస్తుంది. నలభై ఎనిమిది వేల డిగ్రీలా అని హడలిపోనక్కరలేదు. డిగ్రీలో వెయ్యో వంతు లెక్కన చెబుతుంది, అంటే 48.3. యూనిట్టు ఏదో పట్టికలో రాసి ఉన్నది కనుక సరిపోయింది. 

ఇంకా రెండు మెలికలు ఉన్నాయి. ఉమ్మడి అల్మైరాలో ఒకే అరను ఆర్మ్ ఒక నంబరుతోను, వీడియోకోర్ మరొక నంబరుతోను పిలుస్తాయి. చిరునామా ఇచ్చేటప్పుడు మన నంబరు కాదు, వారి నంబరు ఇవ్వాలి. రెండవది, ప్రాసెసరుకు తన పక్కనే క్యాష్ అనే చిన్న బల్ల ఉంటుంది. రాసిన కాగితం అల్మైరాలోకి చేరకుండా ఆ బల్ల మీదే ఉండిపోవచ్చు. ఈలోగా గంట కొడితే అవతలి వాడు వెళ్లి అర చూస్తాడు, పాత కాగితం కనబడుతుంది. డ్రాఫ్టు టేబులు మీద పెట్టుకుని ఫెయిర్ కాపీ పంపామనుకునే గుమాస్తాలను మనం చూడలేదా?

వీడియోకోర్ లోపల నడిచే ఫర్మ్‌వేరు ఎలా రాశారన్నది బయటివారికి ఇవ్వలేదు. అయినా కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం వారు 2012లోనే ఆ పలక మీద సొంతంగా ఆపరేటింగ్ సిస్టమ్ రాసుకునే పాఠాలు తయారుచేసి విద్యార్థులకు ఇచ్చారు. తెర మీద బొమ్మ వేయడానికి ఈ మెయిల్‌బాక్సునే వాడారు. అవతలి గదిలో ఏముందో తెలియకపోయినా, కిటికీ దగ్గర ఎలా అడగాలో, ఏమి జవాబు వస్తుందో రాసి ఉంటే చాలు, పని జరుగుతుంది.

ఇప్పుడు మా మనవరాలి మిషను సంగతికి వస్తాను. అది ఈ పలక కాదు, వారి కంపెనీ సొంత చిప్పు. పద్ధతి మాత్రం ఇలాంటిదే. ఆమెకు ముందు ఆ సీటులో పని చేసిన ఉద్యోగి మానేసి వెళ్లిపోయాడు. వెళ్తూ ఒక కాగితం ఇచ్చాడు. అందులో ఎనిమిది ఛానెళ్లు. కొన్నింటి ఎదుట వివరం ఉంది. ఒకదాని ఎదుట "వాడుకలో ఉంది" అని మాత్రమే ఉంది. ఎవరు వాడుతున్నారు, ఎందుకు వాడుతున్నారు, జవాబు వస్తుందా రాదా, ఏమీ లేదు.

పాత ఫర్మ్‌వేరు ఆ ఛానెలులో సందేశం అందగానే "అందినది" అని తిరిగి గంట కొట్టేదట. వేరే ఊళ్లో కూర్చుని ఫర్మ్‌వేరు రాసేవారు కొత్తది తయారుచేస్తూ, ఆ గంట ఎవరికీ అవసరం లేదనుకుని తీసేశారు. వారి తప్పు లేదు, ఎక్కడా రాసి లేదు కదా! పెద్ద ప్రాసెసరు మాత్రం ఆ గంట కోసం కూర్చుంది. ఎంతసేపు చూడాలో కూడా ఎవరూ చెప్పలేదు కనుక కదలకుండా కూర్చుంది. అదే మిషను ఆగిపోవడం. ఇది కనిపెట్టడానికి ఇద్దరు ఇంజనీర్లకు పదకొండు రోజులు పట్టింది.

"పాత ఆయన్ని అడగకపోయావా?" అన్నాను. "అడిగాను తాతయ్యా. అది అందరికీ తెలిసిందే కదా, రాయడం దేనికి అన్నాడు" అంది.

మిత్రులారా, ఆ మాట నేను 1984లో అన్నాను. ఆ సంగతి ఇంతవరకు మా ఇంట్లో కూడా చెప్పలేదు. ఈ సభలో చెబుతున్నాను.

అప్పుడు నేను ఒక చిన్న ఆఫీసులో డిస్పాచి సీటు చూసేవాడిని. మా పై ఆఫీసు వీధికి అవతలే ఉండేది. అక్కడికి పోయే కాగితాలకు తపాలా బిళ్లలు దండగ అని, మా పాత అటెండరు ప్రతి గురువారం కట్ట కట్టి చేత్తో పట్టుకెళ్లి, ఏ సెక్షన్‌వి ఆ సెక్షన్‌లో ఇచ్చి వచ్చేవాడు. సాయంత్రం వచ్చి "అందాయండి" అనేవాడు. లోకల్ డెలివరీ పుస్తకంలో రాసి సంతకం తీసుకోవాలని నియమం ఉంది. ఆయన ఉన్నాడు కదా, ఇరవై ఏళ్లుగా జరుగుతోంది కదా, అందరికీ తెలిసిందే కదా అని నేను రాసేవాడిని కాదు. నాకు ముందు సీటు చూసినవారూ రాయలేదు.

ఆయన రిటైరయ్యాడు. కొత్త కుర్రవాడు వచ్చాడు. గురువారం కట్ట అతని చేతిలో పెట్టి "అవతల ఇచ్చి రా" అన్నాను. అవతల అంటే అతనికి ఏం తెలుసు? గేటు పక్కన మొదట కనబడిన గదిలో ఇచ్చి వచ్చాడు. "ఇచ్చావా?" "ఇచ్చానండి." అంతే. ఆ గది వారు తమవి కాని కాగితాలను ఎప్పుడో ఎవరో వస్తారని ఒక అల్మైరాలో పెట్టారు.

ఆ కట్టలో సర్వీసులో ఉండగా చనిపోయిన ఒక చిన్న ఉద్యోగి భార్యకు రావలసిన కుటుంబ పింఛను ప్రతిపాదనలు ఉన్నాయి. పై ఆఫీసు నుంచి అవి ఏజీ ఆఫీసుకు వెళ్లాలి. ఆమె ప్రతి సోమవారం ఒక పిల్లవాణ్ణి వెంటబెట్టుకుని వచ్చేది. నేను "పంపామమ్మా, అక్కడ అడగండి" అనేవాడిని. వీధి దాటి వెళితే వారు "మాకు రాలేదమ్మా, అక్కడే అడగండి" అనేవారు. నేను చెప్పింది నిజం. వారు చెప్పిందీ నిజమే. రెండు నిజాల మధ్య ఆమె ఎండలో తొమ్మిది నెలలు తిరిగింది.

ఆఖరుకు ఆ గది మారుస్తుంటే అల్మైరాలోంచి కట్ట బయటపడింది. పింఛను మంజూరైంది, బకాయిలూ వచ్చాయి. రూపాయి నష్టం లేదని ఫైలు మూసేశాం. కానీ ఆ పిల్లవాడు ఆ ఏడు బడి మానేసి హోటల్లో కప్పులు కడిగాడని తరువాత తెలిసింది. ఆ సంవత్సరం ఏ బకాయి బిల్లులోనూ రాలేదు. ఆమె నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అందుకే అది నాకు ఇంకా గుర్తుంది. నాపై విచారణ జరగలేదు, మెమో రాలేదు. పుస్తకంలో ఒక్క వరుస రాసి ఉంటే, సంతకం కింద సెక్షన్ పేరు ఉంటే, మొదటి సోమవారమే కాగితం దొరికేది.

ఆ రాత్రి మా మనవరాలికి ఈ కథ చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత ఒక తెల్ల కాగితం నా ముందు పెట్టి "అయితే ఏం రాయాలో చెప్పు తాతయ్యా" అంది. నాకు తెలిసిన రీతిలో కాలములు గీశాను. ఒకటి, ఛానెలు నంబరు. రెండు, దాని పని ఏమిటి. మూడు, రాసేది ఎవరు, చదివేది ఎవరు. ఇక్కడ జాగ్రత్త, ఒకరి ఔట్‌వర్డు మరొకరి ఇన్వర్డు. ఎవరి వైపు నుంచి చెబుతున్నామో ముందే చెప్పాలి. నాలుగు, కాగితం నమూనా, ఏ గడిలో ఏమిటి, ఏ యూనిట్టులో. ఐదు, జవాబు వస్తుందా, వస్తే ఏ రూపంలో. ఆరు, ఎంతసేపు చూడాలి, ఆ తరువాత ఏమి చేయాలి. ఏడు, ఈ వరుసకు బాధ్యులు ఎవరు, ఎప్పుడు మార్చారు.

ఆమె నవ్వి, "నువ్వు కొత్తగా కనిపెట్టలేదు తాతయ్యా, లోకంలో పెద్దవాళ్లు ఇదే చేస్తున్నారు" అని కొన్ని సంగతులు చెప్పింది. అవి మీకూ మనవి చేస్తాను.

లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ ఉంది. ఎవరైనా చదవవచ్చు, దిద్దవచ్చు. పూర్వం అందులో ఒక్కొక్క చిప్పు కంపెనీ మెయిల్‌బాక్సును తనకు తోచినట్టు నడుపుకునేది. 2014 చివర వచ్చిన 3.18 వెర్షనులో అందరికీ ఒకే పద్ధతి పెట్టారు. గూడు ఎవరి అధీనంలో ఉందో వారు ఒక పత్రం రాయాలి, దాన్ని వాడుకునేవారు తమ పత్రంలో ఏ గూడు, ఏ ఛానెలు, ఏ పేరుతో వాడుతున్నారో రాయాలి. మొదట్లో ఇవి మామూలు వచనంలో ఉండేవి. తరువాతి సంవత్సరాల్లో నిర్ణీత నమూనాకు మార్చుతూ వచ్చారు. ఇప్పుడు కాలము వదిలేస్తే యంత్రమే పట్టుకుంటుంది. పత్రంలో ఇచ్చిన ఉదాహరణ కూడా నియమం ప్రకారం ఉందో లేదో యంత్రం సరిచూస్తుంది. బాధ్యుల పేరు తప్పనిసరి కాలము. ఇంకొక ఆచారం, ఒకసారి లోకానికి ఇచ్చిన నంబరును అర్థం మార్చి వాడరాదు. పాత పత్రంతో వచ్చిన మిషను కొత్త ప్రోగ్రాముతోను నడవాలి. మన ఆర్.డిస్. ఫైళ్ల వంటి గౌరవం అది.

ఆర్మ్ కంపెనీ వారు 2017లో సిస్టమ్ కంట్రోలరుతో మాట్లాడే భాషకే ఒక ప్రమాణం ప్రకటించారు. దాని పొట్టి పేరు ఎస్.సి.ఎమ్.ఐ. అందులో ఒక్కొక్క విషయానికి ఒక నంబరు. 16 మూల విషయాలకు, 17 కరెంటు విభాగాలకు, 19 పనితీరుకు, 20 గడియారాలకు, 21 వేడి వంటివి కొలిచే సాధనాలకు. ముందుగా మీరు ఏ వెర్షను అని అడిగి తెలుసుకునే వీలు కూడా పెట్టారు. ప్రతి సందేశం తలకట్టులో 10 గడుల టోకెను ఉంటుంది. ఏ జవాబు ఏ ప్రశ్నదో గుర్తు పట్టడానికి. అది మన కరెంటు నంబరే! జవాబుల్లో కూడా తేడా చూపారు. వెంటనే ఇచ్చే జవాబు ఒకటి, "అందినది, పని అయ్యాక తెలుపుతాము" అన్నది మరొకటి, ఎవరూ ప్రత్యేకంగా అప్పుడు అడగకపోయినా తెలియజేసేది ఇంకొకటి. మా మనవరాలి మిషను ఆగిపోయింది సరిగ్గా ఈ తేడా రాయకపోవడం వల్లనే.

ఆమె రెండు వారాలు కూర్చుని ఎనిమిది ఛానెళ్లకూ పత్రం రాసింది. మొదటిసారి పైవారు ఇరవై మూడు ప్రశ్నలతో తిప్పి పంపారు. ఏడుపు ముఖం పెట్టింది. "ఆడిట్ అభ్యంతరం వచ్చిందంటే ఎవరో చదివారని అర్థం. సంతోషించు" అన్నాను. ఒక ప్రశ్న నాకు కూడా నచ్చింది. "ఇది చిప్పు గురించి రాస్తున్నారా, మీ ప్రోగ్రాము గురించి రాస్తున్నారా? ప్రోగ్రాము రేపు మారుతుంది, చిప్పు గురించి రాయండి" అన్నారట. మనిషి మారినా సీటు మారదు. రాయవలసింది సీటు సంగతి. చార్జి లిస్టు సూత్రం అదే.

మూడవసారికి పత్రం అంగీకరించారు. ఫర్మ్‌వేరు వారు దానిని చూసి, తీసేసిన గంటను తిరిగి పెట్టారు. ఇటువైపు కూడా ఇంతసేపు చూసి, రాకపోతే ఫిర్యాదు రాసి ముందుకు పోవాలని మార్చారు. ఆమె పేరు బాధ్యుల కాలములో ఉంది. ఆ కాగితం నాకు చూపించినప్పుడు, నలభై ఏళ్ల కిందట నేను రాయని వరుస ఇప్పుడు ఎవరో రాసినట్టు అనిపించింది.

ఒక మాట ఒప్పుకోవాలి. మనం కూడా పనికిరాని రిజిస్టర్లు చాలా నడిపాం. ఎవరూ చూడని వాటిలో నెలాఖరున కూర్చుని సంతకాలు నింపాం. రాతే గొప్ప అని నేను అనడం లేదు. ప్రతి గదిలో జరిగేదంతా రాయనక్కరలేదు. కాగితం ఒక చేతి నుంచి ఇంకొక చేతికి మారే గుమ్మం దగ్గర మాత్రం తప్పకుండా రాయాలి. పోయేవి అన్నీ అక్కడే పోతాయి.

చివరగా మన ఇళ్ల సంగతి. మనలో చాలామంది ఇంట్లో మనమే సిస్టమ్ కంట్రోలరులం. పింఛను ఏ బ్యాంకులో పడుతుంది, పి.పి.ఓ. నంబరు ఎంత, అసలు కాపీ ఏ పెట్టెలో ఉంది, కుటుంబ పింఛనుకు భార్య పేరు, పుట్టిన తేదీ సరిగ్గా ఉన్నాయా, మనం పోతే ముందు ఎవరికి తెలియజేయాలి, ఏయే కాగితాలు జత చేయాలి, ఎన్ని రోజులు చూసి మళ్లీ ఎవరిని అడగాలి. ఇవన్నీ మనకు తెలుసు, అందరికీ తెలిసిందే కదా అనుకుంటాం. తెలియదు. మన తరువాత కౌంటరు దగ్గర నిలబడేది మన భార్య, మన పిల్లలు. వారిని రెండు నిజాల మధ్య తిప్పకండి.

ఇంటికి వెళ్లాక ఒక తెల్ల కాగితం తీసుకుని ఏడు కాలములు గీయండి. లేని దగ్గర లేదు అని రాయండి. కింద తేదీ వేసి సంతకం చేసి, ఎక్కడ పెట్టారో ఇద్దరికి చెప్పండి. నేను గత నెలలోనే రాశాను. మా ఆవిడ చదివి రెండు ప్రశ్నలు వేసింది. ఒకదానికి జవాబు నాకే తెలియలేదు, బ్యాంకుకు వెళ్లి కనుక్కుని వచ్చి రాశాను.